గుండె జబ్బుల మాటలు – వాటి వెనక ఉన్న చరిత్ర

తెలుగులో గుండె మీద ఉన్నన్ని మాటలు ఇంకే అవయవం మీదా లేవేమో. భయం వేస్తే గుండె ఝల్లుమంది అంటాం. దుఃఖం వస్తే గుండె చెరువైంది అంటాం. ధైర్యం ఉన్నవాణ్ణి గుండె నిబ్బరం ఉన్నవాడు అంటాం. కానీ నిజంగా గుండెకు జబ్బు వచ్చి ఆసుపత్రికి వెళ్తే ఈ మాటలేవీ అక్కడ వినపడవు. యాంజియో, స్టెంట్, బైపాస్, ఎకో, ఈ.ఎఫ్. అని వేరే మాటలు వినపడతాయి. మన చెన్నైలో ఇంకో చిక్కు కూడా ఉంది. డాక్టరు తమిళంలో చెబుతారు, రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో అవ్వ తాత తెలుగులో అడుగుతారు. మధ్యలో అర్థం చెప్పే పని చాలా ఇళ్ళలో బడికి వెళ్ళే పిల్లలదే. అందుకే ఈ మాటలు ఎక్కడ పుట్టాయి, ఎవరు పెట్టారు, ఏమి చెబుతాయి అన్నది చరిత్ర వరసలో రాస్తున్నాను. చరిత్ర తెలిస్తే మాట గుర్తుంటుంది. మాట గుర్తుంటే భయం సగం తగ్గుతుంది.

గుండె ఒక పంపు

గుండె రక్తాన్ని తోసే పంపు అని, అదే రక్తం శరీరమంతా తిరిగి మళ్ళీ గుండెకే వస్తుందని ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వీ 1628లో అచ్చువేసిన పుస్తకంలో నిరూపించాడు. అంతకు ముందు పదిహేను వందల ఏళ్ళ నుంచి యూరపులో వైద్యులు రక్తం కాలేయంలో పుట్టి అవయవాల్లో ఖర్చయిపోతుందని నమ్మేవారు. హార్వీ లెక్క వేసి చూశాడు. గుండె ఒక్కో దెబ్బకు తోసే రక్తాన్ని అరగంటకు గుణిస్తే, శరీరంలో ఉన్న రక్తం కంటే ఎక్కువ వచ్చింది. అంత రక్తం ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టడం కుదరదు. కాబట్టి ఉన్నదే తిరుగుతోంది అన్నాడు. చిన్న గుణకారంతో పెద్ద నమ్మకం పడిపోయింది.

మన గుండె మన పిడికిలి అంత ఉంటుంది. నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే రోజుకు లక్ష సార్లు దాటుతుంది. ఇంత పని చేసే కండరానికి దానికంటూ రక్తం కావాలి కదా. ఆ రక్తం తెచ్చే సన్న గొట్టాలనే కరోనరీ ధమనులు అంటారు. కరోనా అంటే లాటిన్ భాషలో కిరీటం. ఈ ధమనులు గుండె చుట్టూ కిరీటంలాగా అల్లుకుని ఉంటాయి కాబట్టి ఆ పేరు. గుండె లోపల నిండా రక్తమే ఉన్నా, దాని కండరం బతికేది ముఖ్యంగా ఈ గొట్టాల వల్లే. మనం వినే జబ్బుల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి.

బీపీలో రెండు అంకెలు

రక్తం ధమని గోడ మీద చూపే ఒత్తిడే బీపీ. దీన్ని మొదట కొలిచినవాడు ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతగురువు. ఆయన ఒక గుర్రం ధమనిలో గొట్టం పెట్టి రక్తం ఎంత ఎత్తుకు లేస్తుందో చూసి 1733లో ఆ సంగతి ప్రచురించాడు. మనిషికి అలా చేయలేం. 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచీ చేతికి గాలి పట్టీ చుట్టి కొలిచే పద్ధతి తెచ్చాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్‌కాఫ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి చప్పుడు వింటే పై అంకె, కింది అంకె రెండూ తెలుస్తాయని చూపాడు. గుండె ముడుచుకుని రక్తాన్ని తోసేటప్పుడు ఉండేది పై అంకె. గుండె వదులై నిండేటప్పుడు ఉండేది కింది అంకె. 120/80 అంటే ఇదే. బీపీ ఎక్కువున్నా చాలా మందికి ఏమీ తెలీదు. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదు అనుకోవడం తప్పు. కొలిస్తేనే తెలుస్తుంది.

స్టెతస్కోపు కూడా మొదట కాగితం చుట్టే. 1816లో పారిస్‌లో లేనెక్ అనే వైద్యుడు ఒక యువతి ఛాతీకి చెవి ఆనించి వినడం మర్యాద కాదని కాగితాన్ని గొట్టంలా చుట్టి విన్నాడు. చప్పుడు ఇంకా బాగా వినపడింది.

నాలుగు మాటలు – నాలుగు వేరు వేరు సంగతులు

మన ఇళ్ళలో ఏది వచ్చినా “హార్ట్ అటాక్” అనేస్తారు. కానీ ఇక్కడ నాలుగు మాటలున్నాయి.

మొదటిది యాంజైనా. 1768లో లండన్‌లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు తోటి వైద్యుల సభలో ఈ జబ్బును వర్ణించి ఈ పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు నొక్కేసినట్టు, ఊపిరాడనట్టు ఉండడం అని భావం. నడిస్తే, మెట్లెక్కితే ఛాతీ పట్టేయడం, ఆగితే తగ్గిపోవడం దీని లక్షణం. ధమని సన్నబడింది కానీ పూర్తిగా మూసుకోలేదన్నమాట. ఇది ఒక హెచ్చరిక.

రెండోది హార్ట్ అటాక్, మన గుండెపోటు. ధమనిలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుంటే, దాని వెనక ఉన్న కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. 1912లో అమెరికాలో జేమ్స్ హెరిక్ అనే వైద్యుడు, గడ్డ అడ్డుపడినా మనిషి వెంటనే చనిపోకపోవచ్చని, బతికి ఉండగానే ఈ జబ్బును గుర్తించవచ్చని రాశాడు. అంతవరకు అది చావే అనుకునేవారు.

ఇక్కడ భాష సంగతి ఒకటి చెప్పాలి. తమిళంలో దీన్ని మారడైప్పు అంటారు. మార్ అంటే రొమ్ము, అడైప్పు అంటే అడ్డు, మూత. మనం గుండెపోటు అంటాం. పోటు అంటే నొప్పి, తలపోటు అన్నట్టే. తమిళం కారణాన్ని చెప్పింది, తెలుగు బాధను చెప్పింది. రెండు మాటలూ తెలిసిన మనకు ఈ జబ్బు పూర్తిగా అర్థం కావాలి. ఎందుకంటే పోటు లేకుండా కూడా అడైప్పు రావచ్చు. షుగరు ఉన్నవాళ్ళకు, పెద్దవాళ్ళకు, ఆడవాళ్ళకు కొన్నిసార్లు ఛాతీలో నొప్పే ఉండదు. ఆయాసం, చెమటలు, వాంతి వచ్చినట్టు ఉండడం, దవడలోనో ఎడమ చేతిలోనో లాగడం, ఇంతే ఉంటుంది. “గ్యాస్ పట్టింది, సోడా తాగితే పోతుంది” అని కూర్చోవడం వల్ల ఎన్ని ఇళ్ళలో ఆలస్యమవుతోందో అందరికీ తెలుసు.

మూడోది కార్డియాక్ అరెస్ట్. ఇందులో గుండె కొట్టుకోవడమే ఆగిపోతుంది, లేదా పనికిరాకుండా వణుకుతూ ఉంటుంది. మనిషి క్షణాల్లో స్పృహ తప్పుతాడు. గుండెపోటు వచ్చినవాడు మాట్లాడుతూ ఉండవచ్చు. అరెస్ట్ వచ్చినవాడు మాట్లాడడు, ఊపిరి సరిగా ఉండదు. అప్పుడు వెంటనే 108కి ఫోన్ చేసి ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. గుండెపోటు అరెస్ట్‌కు దారి తీయవచ్చు కానీ రెండూ ఒకటి కాదు.

నాలుగోది హార్ట్ ఫెయిల్యూర్. ఈ మాట వినగానే గుండె ఆగిపోయింది అని ఏడ్చేస్తారు. అది తప్పు. గుండె పని చేస్తూనే ఉంది, కానీ శరీరానికి కావలసినంత తోయలేకపోతోంది అని అర్థం. కాళ్ళ వాపు, పడుకుంటే ఆయాసం వస్తాయి. మందులతో ఏళ్ళ తరబడి బతికేవాళ్ళు ఉన్నారు. పరీక్షలో ఫెయిల్ అన్న మాటకు, ఈ ఫెయిల్ అన్న మాటకు చాలా తేడా ఉంది.

ఇంకో మాట, స్ట్రోక్. అది గుండెకు సంబంధించింది కాదు, మెదడుకు రక్తం ఆగిపోతేనో మెదడులో రక్తనాళం చిట్లితేనో వచ్చేది. పక్షవాతం ఎక్కువగా దాని వల్లే వస్తుంది.

ఈసీజీ, ఎకో

గుండె కొట్టుకునేటప్పుడు సన్నని కరెంటు పుడుతుంది. దాన్ని గీతగా రాసేదే ఈసీజీ. హాలండు దేశంలో లైడెన్ అనే ఊళ్ళో ఐంతోవెన్ అనే శాస్త్రజ్ఞుడు 1900ల మొదట్లో దీనికి యంత్రం తయారుచేశాడు. దాని బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు మనుషులు కావాలి. రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ళ పాత్రల్లో పెట్టి కూర్చోవాలి. యంత్రాన్ని ఆసుపత్రికి మోసుకుపోలేక, ఆసుపత్రి నుంచి తన ప్రయోగశాలకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు టెలిఫోను తీగ వేసి దాంట్లో గుండె గీతను తెప్పించుకున్నాడు. ఆ గీతలో మెట్టలకు, పల్లాలకు పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని పేర్లు పెట్టింది ఆయనే. ఈ రోజుకీ డాక్టర్లు అవే వాడుతున్నారు. 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఈసీజీ ఆ నిమిషానికి తీసిన ఫోటో లాంటిది. ఒకసారి మామూలుగా ఉందంటే ధమనులన్నీ బాగున్నాయని కాదు.

ఎకో అంటే ప్రతిధ్వని. మన చెవికి వినపడనంత సన్న ధ్వనిని గుండె మీదికి పంపి, తిరిగి వచ్చిన దానితో బొమ్మ గీస్తారు. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్ అనే వైద్యుడు, హెర్ట్స్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు కలిసి దీన్ని మొదలుపెట్టారు. వాళ్ళు మొదట వాడిన యంత్రం ఓడలు కట్టే చోట ఇనుములో పగుళ్ళు కనిపెట్టడానికి ఉన్నది! ఇనుములో పగులు చూసేది గుండెలో కవాటం చూడడానికి పనికొచ్చింది.

ఎకో రిపోర్టులో ఈ.ఎఫ్. అని ఒక అంకె ఉంటుంది. గుండె నిండినప్పుడు ఉన్న రక్తంలో ఒక్క దెబ్బకు ఎంత శాతం బయటికి తోస్తోంది అన్నది ఆ అంకె. ఇది చూసే ఇళ్ళలో గొడవ వస్తుంది. “60 శాతమే పనిచేస్తోందట, 40 శాతం పోయిందట” అని దిగులు పడతారు. నిజానికి ఆరోగ్యంగా ఉన్న గుండెకు కూడా 55 నుంచి 70 మధ్యే ఉంటుంది. ఏ గుండే ఉన్న రక్తాన్నంతా ఒకేసారి తోసేయదు. ఇక్కడ నూటికి నూరు మార్కులు ఎవరికీ రావు, రాకూడదు కూడా. 40 కంటే తగ్గితే మాత్రం జాగ్రత్త పడాలి.

యాంజియోగ్రామ్ – ఒక దుడుకు డాక్టరు కథ

చేతి నుంచో తొడ నుంచో సన్నని గొట్టం గుండె దాకా పంపి, రంగు మందు వదిలి, ఎక్స్‌రేలో ధమనులు చూడడమే యాంజియోగ్రామ్. సన్నని గొట్టాన్ని కాథెటర్ అంటారు. ఇది పరీక్ష, చికిత్స కాదు. “యాంజియో చేశారు, ఇక నయమైపోయింది” అనుకోకూడదు.

బతికున్న మనిషి గుండెలోకి గొట్టం పంపవచ్చని చూపినవాడు జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్. 1929లో ఆయన వయసు పాతికేళ్ళే. పై డాక్టరు వద్దన్నాడు. ఒక నర్సు “నా మీద చేయండి” అంది. ఆమెను బల్ల మీద పడుకోబెట్టి కట్టేసి, ఆమెకు తెలియకుండా తన చేతి నరంలోనే గొట్టం దోపుకున్నాడు. 65 సెంటీమీటర్లు లోపలికి పోయింది. అలాగే నడిచి మెట్లు దిగి ఎక్స్‌రే గదికి వెళ్ళి గొట్టం కొన గుండెలో ఉన్నట్టు ఫోటో తీయించాడు. అందరూ తిట్టారు. కానీ 1956లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి వచ్చింది. తర్వాత 1958లో అమెరికాలో క్లీవ్‌లాండ్ ఆసుపత్రిలో మేసన్ సోన్స్ పరీక్ష చేస్తుండగా రంగు మందు పొరపాటున నేరుగా కరోనరీ ధమనిలోకి పోయింది. రోగి ప్రాణానికి ఏమీ కాలేదు. ధమని స్పష్టంగా కనపడింది. ఇప్పుడు చేసే పరీక్షకు అదే నాంది.

బెలూన్, స్టెంట్

సన్నబడిన ధమనిలో చిన్న బుడగ ఉబ్బించి దారి వెడల్పు చేయడం యాంజియోప్లాస్టీ. దీన్ని గుండె ధమనిలో మొదట చేసింది ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్. జ్యూరిక్‌లో తన ఇంటి వంటగది బల్ల మీద బెలూన్లు తయారుచేసుకుని 1977 సెప్టెంబరు 16న 38 ఏళ్ళ రోగికి చేశాడు. తొమ్మిదేళ్ళ తర్వాత, 1986లో, మన చెన్నైలోనే డాక్టర్ మాథ్యూ శామ్యూల్ కలరిక్కల్ భారతదేశంలో మొదటి యాంజియోప్లాస్టీ చేశారు.

బెలూన్ తీసేశాక కొందరికి ధమని మళ్ళీ మూసుకుపోయేది. అందుకని లోపల సన్న తీగ జాలి గొట్టం పెట్టి వదిలేయడం 1986లో ఫ్రాన్సులో, స్విట్జర్లాండులో మొదలైంది. అదే స్టెంట్. తమాషా ఏమిటంటే ఈ పేరు చార్లెస్ స్టెంట్ అనే లండన్ పళ్ళ డాక్టరుది. ఆయన పళ్ళ అచ్చు తీయడానికి ఒక ముద్ద పదార్థం తయారుచేశాడు. తర్వాత దేన్నైనా నిలబెట్టి ఉంచే దానికి ఆ పేరు వాడుక అయ్యి చివరికి గుండెకు చేరింది.

విదేశీ స్టెంట్ల ఖరీదు ఎక్కువని 1990లలో రామేశ్వరం నుంచి వచ్చిన శాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలాం, హైదరాబాదు గుండె వైద్యుడు సోమరాజు కలిసి తక్కువ ధర స్టెంట్ తయారుచేయించారు. దానికి కలాం–రాజు స్టెంట్ అని పేరు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. మామూలు స్టెంట్‌కు 7,260 రూపాయలు, మందు పూసిన స్టెంట్‌కు 29,600 రూపాయలు, పన్ను కాకుండా. తర్వాత ఈ ధరలు మారుతూ వచ్చాయి. కానీ ధరకు ఒక హద్దు ఉందన్న సంగతి తెలిసి ఉంటే బిల్లు చూసి ధైర్యంగా అడగవచ్చు.

బైపాస్

ఊరి మధ్య రోడ్డు మూసుకుపోతే చుట్టూ ఇంకో రోడ్డు వేస్తారే, అదే బైపాస్. కాలి నుంచి సిరను గానీ ఛాతీ లోపలి ధమనిని గానీ తీసి అడ్డు దాటేలా కొత్త దారి కుడతారు. అడ్డు అక్కడే ఉంటుంది; రక్తం వేరే దారిలో పోతుంది. 1967లో క్లీవ్‌లాండ్‌లో రెనె ఫవలోరో కాలి సిరతో ఈ పద్ధతిని నిలబెట్టారు. ఆయన అర్జెంటీనా మనిషి. అంతకు ముందు పన్నెండేళ్ళు ఒక మారుమూల పల్లెలో పేదలకు వైద్యం చేశారు. ఎనిమిదేళ్ళ తర్వాత, 1975లో, భారతదేశంలో మొదటి బైపాస్ ఎక్కడ జరిగిందో తెలుసా? పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో. చేసినవారు డాక్టర్ కె. ఎం. చెరియన్. రైల్వేలో పనిచేసిన మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ ఆసుపత్రి గేటు ముందు నుంచే తిరుగుతుంటాయి. లోపల ఇంత చరిత్ర ఉందని చాలా మందికి తెలీదు.

పేస్‌మేకర్, వాల్వు, మార్పిడి

గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటే కరెంటు దెబ్బతో గుర్తుచేసే చిన్న యంత్రం పేస్‌మేకర్. 1958 అక్టోబరులో స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే 43 ఏళ్ళ ఆయనకు దీన్ని మొదట శరీరం లోపల పెట్టారు. మొదటి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. కానీ ఆయన మొత్తం మీద 26 యంత్రాలు మార్చుకుంటూ 2001 దాకా, 86 ఏళ్ళు బతికాడు. ఆయనకు ఆపరేషన్ చేసిన డాక్టరు, యంత్రం చేసిన ఇంజనీరు ఇద్దరూ ఆయన కంటే ముందే పోయారు.

వాల్వు అంటే రక్తం వెనక్కి రాకుండా ఆపే తలుపు. మన దేశంలో పిల్లలకు గొంతు నొప్పి వచ్చి, దాన్ని పట్టించుకోకపోతే కొన్నిసార్లు రుమాటిక్ జ్వరంగా మారి వాల్వు పాడవవచ్చు. గొంతు నొప్పి, జ్వరం కలిసి వస్తే డాక్టరుకు చూపించాలనడం అందుకే. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం మూడు నమూనాలు విఫలమైనా వదలకుండా నాలుగోదానితో నెగ్గింది. 1990 డిసెంబరు 6న ఆ చిత్ర వాల్వును మొదటిసారి రోగికి అమర్చారు.

గుండె మార్పిడి మొదట 1967 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో క్రిస్టియన్ బర్నార్డ్ చేశారు. ఆ రోగి 18 రోజులు బతికాడు. మన దేశంలో మొదటిసారి విజయవంతంగా చేసినవారు రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేశారు. తెలుగువాళ్ళుగా మనం తలచుకోవలసిన తేదీ ఇది.

మందుల మాటలు

నాలుక కింద పెట్టుకునే మందుల కథ వింతైనది. 1847లో ఇటలీలో కనిపెట్టిన నైట్రోగ్లిజరిన్ పేలుడు పదార్థం. దాంతోనే ఆల్‌ఫ్రెడ్ నోబెల్ డైనమైటు చేసి కోటీశ్వరుడయ్యాడు. 1879లో లండన్‌లో మరెల్ అనే వైద్యుడు దాన్నే అతి కొద్దిగా ఇస్తే యాంజైనా తగ్గుతుందని రాశాడు. చివరికి నోబెల్‌కే గుండె జబ్బు వచ్చి డాక్టర్లు ఆ మందే రాశారు! ఇప్పుడు వాడే సార్బిట్రేట్ దాని బంధువే. రక్తనాళాలను వదులు చేస్తుంది, బీపీ తగ్గిస్తుంది. అందుకే పక్కింటివాళ్ళ మాత్ర అడిగి వేసుకోకూడదు.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలను “రక్తం పలచబడే మందు” అంటారు. నిజానికి రక్తం నీళ్ళలా అవదు. గడ్డకట్టే కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా చేస్తాయి. స్టాటిన్ మాత్రలు కొలెస్టరాల్ తగ్గిస్తాయి. జపాన్ శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో బూజుల్లో వెతికి వెతికి 1973లో మొదటి స్టాటిన్ కనిపెట్టాడు. స్టెంట్ వేశాక ఒంట్లో బాగుంది కదా అని ఈ మాత్రలు మానేస్తే స్టెంట్‌లోనే గడ్డకట్టవచ్చు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. డాక్టరు ఆపమనే దాకా ఆపకూడదు.

మనం చేయగలిగేది

ఈ చరిత్రలో ఒక సంగతి కనపడుతుంది. హార్వీ నుంచి వేణుగోపాల్ దాకా ఎవరూ “ఇంతే, ఇక చేసేదేమీ లేదు” అని ఊరుకోలేదు. మనం డాక్టర్లం కాము. కానీ రిపోర్టు చదివి ఇంట్లో తెలుగులో చెప్పేవాళ్ళం. కాబట్టి తోటి విద్యార్థులకు నా మనవి ఇది. మీ ఇంట్లో గుండె జబ్బు ఉన్నవాళ్ళుంటే వాళ్ళు వేసుకునే మాత్రల పేర్లు, ఏ తేదీన స్టెంట్ వేశారు, ఈ.ఎఫ్. ఎంత అన్నవి ఒక కాగితం మీద రాసి రిపోర్టులతో పాటు పెట్టండి. డాక్టరు దగ్గర మూడు ప్రశ్నలు అడగండి: ఇది పరీక్షా, చికిత్సా? ఎంత త్వరగా చేయాలి? మాత్రలు ఎన్నాళ్ళు వేసుకోవాలి? అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఇంక ఎవరికైనా ఛాతీ బరువుగా ఉండి చెమటలు పడుతుంటే సోడా కోసం పరుగెత్తకండి, 108కి ఫోన్ చేయండి. మూసుకున్న ధమని వెనక కండరం నిమిషం నిమిషానికి పోతుంటుంది. ముందుగా చేరినవాళ్ళకే స్టెంట్ అయినా, మందు అయినా బాగా పనిచేస్తుంది.